సైకిల్ లేన్ వేశాక మొదటిసారి పడ్డాను. ఇప్పుడు లేన్‌లో తొక్కాలా, రోడ్డు మీద తొక్కాలా?

మూడోగేరు

పదకొండేళ్ళుగా సైకిల్ మీదే పనికి వెళ్తున్నాను. పోనూ రానూ పద్నాలుగు కిలోమీటర్లు. వయసు నలభై ఆరు, మోకాళ్ళు ఇంకా మాట వింటున్నాయి. నేనేమీ రేసర్ని కాను. వెనక క్యారియర్ మీద సంచీ, ముందు బెల్లు, గాలి ఎదురైతే గొణుక్కుంటూ తొక్కే మనిషిని.

ఈ పదకొండేళ్ళలో ఆ రోడ్డు మీద ఒక్కసారి కూడా పడలేదు. సైకిల్ లేన్ వేసిన మూడో నెలలో పడ్డాను.

బస్సులు, లారీలు ఆగకుండా తిరిగే పెద్ద రోడ్డది. ఒక రాత్రికి రాత్రి అంచున ఆకుపచ్చ రంగు పూసి, తెల్ల గీత గీసి, సైకిల్ బొమ్మ వేశారు. నేనైతే సంబరపడిపోయాను. సెలవు రోజని కూడా చూడకుండా వెళ్ళి ఆ చివర నుంచి ఈ చివరకి తొక్కొచ్చాను. తీరా లేన్ ఎక్కడుందంటే, ఒక పక్క వరసగా ఆపిన కార్లు, ఇంకో పక్క పరిగెత్తే బండ్లు, మధ్యలో నేను.

ఆ రోజు ఆగి ఉన్న కారులోంచి ఒక కుర్రాడు తలుపు తెరిచాడు. తలుపు అంచు నా బ్రేక్ లివరుకి తగిలింది. హ్యాండిల్ అటే తిరిగిపోయింది, నేను ఇటు పడ్డాను, అంటే బండ్లు వచ్చే వైపు. వెనక బస్సు కాస్త దూరంలో ఉంది కాబట్టి ఈ పోస్టు రాస్తున్నాను. మణికట్టు బెణికి మూడు వారాలు కట్టుతో తిరిగాను. పాపం ఆ కుర్రాడు నాకంటే ఎక్కువ వణికిపోయాడు, తిట్టడానికి కూడా నోరు రాలేదు.

కట్టు విప్పాక ఒక ఆదివారం తెల్లారుజామున టేపు పట్టుకుని వెళ్ళాను. లేన్ వెడల్పు 120 సెంటీమీటర్లు. మా మరిది కారు తలుపు పూర్తిగా తెరిచి కొలిస్తే 95 సెంటీమీటర్లు బయటికి వచ్చింది. నా హ్యాండిల్ ఈ కొస నుంచి ఆ కొసకి 62. తలుపు తీసేసి మిగిలిన 25 సెంటీమీటర్లలో 62 ఎలా పడుతుందో, గీసినవాళ్ళు ఎప్పుడైనా సైకిలెక్కి చూశారో లేదో నాకు తెలియదు.

లేన్ లేనప్పుడు నేను ఆగి ఉన్న కార్లకి ఒక నిలువెడు దూరంలో, రోడ్డు మీదే తొక్కేదాన్ని. వెనకవాళ్ళకి నచ్చేది కాదు, అయినా పక్కనుంచి తప్పుకుని పోయేవాళ్ళు. ఇప్పుడు ఆ పాత చోట తొక్కితే హారన్లే హారన్లు. ఒకాయనైతే అద్దం దించి "నీకు లేన్ ఇచ్చారుగా, అందులో చావు" అన్నాడు. మాట కోసం అన్నాడు గానీ, నిజంగానే చావబోయింది అందులోనే.

ఇంకోటి. ఈ లేన్ ప్రతి కూడలికీ ముప్ఫై మీటర్ల ముందు ఆగిపోతుంది. రంగు డబ్బా ఖాళీ అయిపోయిందా అన్నట్టు ఉన్నట్టుండి ఉండదు. కూడలి దాటాక మళ్ళీ మొదలవుతుంది. నాకు భయం వేసేదే కూడలిలో. తిన్నగా పోయే రోడ్డు మీద నాకెవరి సాయం అక్కర్లేదు.

అడగదలచుకున్నవి: లేన్‌లో తొక్కాలా, మానాలా? తప్పు లేన్‌దా, నాకు వాడటం రాక ఇలా అయిందా? రోడ్ల ఆఫీసుకి అర్జీ రాస్తే ఏమని రాయాలి? మా ఆయన మాత్రం సైకిల్ మానేసి బస్సెక్కమంటున్నారు. ఆ సలహా తప్ప ఇంకేదైనా చెప్పండి.

తారురోడ్డు

ఏమనుకోకండి, మీకు లేన్ లేకపోతే లేదని గోల, వేస్తే బాలేదని గోల. ఆ రంగు పూయడం వల్ల మా బండ్లకి ఉన్న జాగా తగ్గింది. రోజూ అదే దారిలో వెళ్తాను, ఆ లేన్‌లో పట్టుమని పది సైకిళ్ళు చూడలేదు. ఖాళీగా ఉన్నదానికి ఇంత కొలతలెందుకు?

పాత డ్రాయింగ్ బోర్డు

మూడోగేరు గారూ, మీ మణికట్టు ఎలా ఉందమ్మా? నేను ఇరవై ఏడేళ్ళు రోడ్ల డ్రాయింగులు గీసి రిటైరయ్యాను. మీరు కొలిచిన లాంటి లేన్లు నా చేత్తో కూడా గీశాను, కాబట్టి కొంచెం సిగ్గుపడుతూనే రాస్తున్నాను.

అలాంటి లేన్ ఎలా పుడుతుందో చెప్తాను. మొత్తం రోడ్డు వెడల్పు తీసుకుంటాం. ముందు బండ్ల లేన్లు గీస్తాం, దాన్ని ఎవరూ ముట్టుకోరు. తర్వాత పార్కింగ్, దాన్ని ముడితే అంగళ్ళవాళ్ళు ఊరుకోరు. చివరికి మిగిలిన ముక్క మీద సైకిల్ బొమ్మ వేస్తాం. అందులో సైకిల్ పడుతుందా లేదా అన్నది ఎవరూ అడిగే ప్రశ్న కాదు, ఎన్ని కిలోమీటర్లు వేశారన్నదే అడుగుతారు. ఒకసారి నేను గీసిన లేన్ సరిగ్గా మధ్యలో దీపస్తంభం తేలింది. డ్రాయింగులో స్తంభం లేదు, ఎందుకంటే మాకొచ్చిన సర్వే షీటులో లేదు. రంగు పూసేవాళ్ళు మాత్రం నిజాయితీగా స్తంభం చుట్టూ పూసి వెళ్ళిపోయారు.

మనిషి సైకిల్ మీద కదులుతుంటే అటూ ఇటూ ఊగడంతో కలిపి ఒక మీటరు వెడల్పు కావాలి. బ్రిటన్ ప్రభుత్వం 2020లో ఎల్‌టీఎన్ 1/20 అనే డిజైన్ మార్గదర్శకాలు తెచ్చింది. అందులో ఒకవైపు వెళ్ళే ట్రాక్‌కి, అంటే బండ్ల నుంచి విడదీసిన సైకిల్ దారికి, మామూలుగా 2 మీటర్లు ఉండాలనీ, ఇరుకైన చోట కూడా 1.5కి తగ్గకూడదనీ ఉంది. అది కూడా తలుపులు తెరుచుకునే జాగాని కలపకుండా. పక్కన కార్లు ఆగేటట్టయితే లేన్‌కీ కార్లకీ మధ్య విడిగా ఖాళీ వదలాలి. మీ 120లో ఆ ఖాళీయే లేదు.

మీ మొదటి ప్రశ్నకి జవాబు: తలుపు అందే దూరంలో తొక్కొద్దు, లేన్ గీత ఎక్కడున్నా సరే. సైకిల్ శిక్షణ ఇచ్చేచోట నేర్పేది ఇదే. మీరు పదకొండేళ్ళు మీకు తెలియకుండా అదే చేశారు. అయితే మీ దగ్గరి చట్టం ఒకసారి చూసుకోండి. బ్రిటన్‌లో లేన్ ఉన్నా వాడితీరాలన్న నిబంధన లేదు. జర్మనీలో సైకిల్ బొమ్మ ఉన్న గుండ్రటి నీలం బోర్డు పెడితే వాడాల్సిందే.

కాబట్టి మీకు వాడటం రాక కాదు. వాడటం వచ్చినవాళ్ళే అందులో తొక్కరు.

డెలివరీ వ్యాన్

అక్కా, నన్ను తిట్టుకోండి, ఆ లేన్‌లో బండి ఆపేవాళ్ళలో నేనొకణ్ణి. రోజుకి డెబ్భై, ఎనభై చోట్ల ఆగాలి. ముందు ఆ రోడ్డు మీద సరుకు దించుకునే జాగాలుండేవి, రంగు పూసినప్పుడు అవి పోయాయి. ఇప్పుడు బండి ఎక్కడ పెట్టను? నడిరోడ్డు మీద పెడితే పోలీసు, ఫుట్‌పాత్ ఎక్కిస్తే ముసలివాళ్ళు. గీత మీద పెడితే అడిగేవాడు లేడు. తప్పని తెలిసే పెడుతున్నాను.

కానీ డ్రైవరు సీట్లోంచి చూసింది ఒకటి చెప్తాను, పనికొస్తే వాడుకోండి. పక్క సందులోకి తిరిగేటప్పుడు నా వెనక పక్కగా వస్తున్న సైకిల్ అద్దంలో కనిపిస్తుంది, స్టీరింగ్ తిప్పేదాకా. తిప్పడం మొదలెట్టగానే అద్దం కూడా బండితో పాటు తిరిగిపోతుంది కదా, సైకిల్ మాయం. సైకిలాయనేమో నేను చూశాననే అనుకుంటాడు. రెండుసార్లు గుండె ఆగినంత పనైంది. అప్పట్నుంచి తిరిగే ముందు ఆగి, తల తిప్పి చూస్తాను. వెనకవాడు హారన్ కొడితే కొట్టుకోనీ.

లారీవాళ్ళ సంగతి ఇంకా ఘోరం. పక్కనే మనిషి నిలబడినా సీట్లోంచి కనబడడు.

మూడోగేరు

@డెలివరీ వ్యాన్, తిట్టను తమ్ముడూ. తల తిప్పి చూసే మొదటి వ్యాను అబ్బాయివి నువ్వే.

@తారురోడ్డు గారూ, లేన్ ఖాళీగా ఉందన్నారు, నిజమే. నేను కూడా లెక్కపెట్టాను. మొన్న ఒక్కరోజు పొద్దున ఏడు కిలోమీటర్లలో లేన్‌లో ఆగి ఉన్న బండ్లు పంతొమ్మిది, అది మాయమైన కూడళ్ళు తొమ్మిది, ఒక చెత్తకుండీ, ఒక "పని జరుగుతోంది" బోర్డు. అక్కడ పనేమీ జరగట్లేదు. అలాంటి దాన్లోకి కొత్తగా ఎవరొస్తారండీ? మీ కారు దారి కిలోమీటరుకోసారి మాయమైతే మీరు మాత్రం కారు తీస్తారా?

@పాత డ్రాయింగ్ బోర్డు గారూ, కట్టు తీసేశాను, వాన పడేముందు మాత్రం ఆ చెయ్యి నాకు ముందే చెప్తోంది. నాకు అర్థం కానిది కూడలి. లేన్ అక్కడే ఎందుకు ఆపేస్తారు?

పాత డ్రాయింగ్ బోర్డు

ఎందుకంటే కూడలి దగ్గర మలుపు తిరిగే బండ్లకి అదనంగా ఒక లేన్ కావాలి. వెడల్పు అంతే ఉంటుంది, లేన్లు పెరుగుతాయి. ఎవరిదో ఒకరిది కొయ్యాలి. సైకిలుది కోస్తే సిగ్నల్ దగ్గర క్యూ పొడవు పెరగదు, లెక్కల్లో ఏ నష్టమూ కనబడదు. మీ భయానికి ఆ లెక్కలో గడి లేదు.

డచ్చివాళ్ళు దీన్ని ఇంకోలా చేస్తారు. వ్యాను తమ్ముడు చెప్పిన అద్దం సంగతే దానికి మూలం. కూడలి మూలన చిన్న సిమెంటు దిమ్మె కడతారు. దానివల్ల సైకిల్ దాటే చోటు, బండ్లు తిరిగే చోటు నుంచి ఒక కారు పొడవంత, అంటే సుమారు 5 మీటర్లు లోపలికి జరుగుతుంది. కారు మొదట మలుపు తిరిగేస్తుంది, తిరిగాక సైకిల్‌కి ఎదురుగా నిలుస్తుంది. అప్పుడు డ్రైవరు సైకిల్ని అద్దంలో వెతుక్కోనక్కర్లేదు, ముందు గాజులోంచే చూస్తాడు. వెనకబండికి అడ్డం రాకుండా ఆగడానికి ఆ ఒక్క కారు జాగా సరిపోతుంది. మూల ఎంత మొనగా ఉంటే మలుపు అంత నెమ్మదవుతుంది. మన దగ్గర మూలల్ని విశాలంగా గుండ్రంగా చేస్తాం, అందుకే కార్లు వేగం తగ్గించకుండానే తిరిగేస్తాయి.

వాళ్ళూ పుట్టుకతో ఇలా లేరు. 1970ల మొదట్లో నెదర్లాండ్స్‌లో ఏడాదికి 3,000 మందికి పైగా రోడ్ల మీద చనిపోయేవారు, వారిలో పిల్లలే వందల్లో ఉండేవారు. తల్లిదండ్రులు వీధుల్లోకొచ్చి పోరాడారు. తర్వాత చమురు సంక్షోభం వచ్చింది. వాళ్ళ సైకిల్ ట్రాకులు అలా మొదలయ్యాయి.

ఉత్త రంగు ఎక్కడా పనికిరాదని కాదు. బండ్లు తక్కువగా, నెమ్మదిగా వెళ్ళే వీధిలో చాలు. వేగం 30 నుంచి 60కి, అంటే రెట్టింపు అయితే, గుద్దుకున్నప్పటి శక్తి నాలుగు రెట్లవుతుంది. మీ రోడ్డు లాంటి చోట మనిషికీ లారీకీ మధ్య అర మిల్లీమీటరు మందం రంగు పెట్టడం డిజైన్ కాదు. లండన్‌లో 2010 నుంచి కొన్ని దారులకి నీలం రంగు పూసి "సైకిల్ సూపర్‌హైవే" అని పేరు పెట్టారు. వాటిలో రెండో నంబరు దారిలో చావులు జరిగాక, చివరికి దాన్ని తవ్వి గట్టు కట్టాల్సి వచ్చింది, 2016కి పూర్తయింది. ముందే గట్టు కట్టి ఉంటే ఒకసారి ఖర్చుతో పోయేది.

వెనకసీటు చంటిది

నేను అసలు ఆ లేన్‌లోకి రాని జనంలో దాన్ని, అందుకే నా మాట కూడా. వెనక సీట్లో మూడేళ్ళ పాప, పక్కన చిన్న సైకిల్ మీద ఎనిమిదేళ్ళ బాబు. వాణ్ణి ముందు పంపితే లారీ పక్కన ఊగుతూ పోతాడు, వెనక పెడితే నాకు కనబడడు. పక్కపక్కన తొక్కాలంటే మీ 120 సెంటీమీటర్లు ఎక్కడికి? ఫుట్‌పాత్ మీద తోసుకుంటూ వెళ్తాను. నడిచేవాళ్ళు గుర్రుగా చూస్తారు, చూడాల్సిందే కూడా.

మా దారిలో ఒక ఆరొందల మీటర్లు మాత్రం ప్లాస్టిక్ స్తంభాలు పాతి విడదీశారు. మొదటి వారం స్వర్గం. తర్వాత దాని నిండా పగిలిన గాజు, ఇసుక, ఎండుటాకులు. ఊడ్చే బండి అందులో పట్టదట. మనుషుల్ని పంపుతామన్నారు, పంపలేదు. మా వాడు దానికి "గాజుల వీధి" అని పేరు పెట్టాడు. మూడుసార్లు పంక్చరయ్యాక మానేశాం. ఇంకా చెప్పాలంటే స్తంభాల మధ్య సందు ఎక్కువ వదిలారు, బైకులు దర్జాగా దూరి పోతున్నాయి. సందు తక్కువైతే నా సీటున్న సైకిల్ తిరగదు. ఎంత వదలాలో లెక్క ఏమైనా ఉందా అండీ?

వాన నీళ్ళు పోయే ఇనప జాలీల సంగతి కూడా రాయండి. కమ్మీలు రోడ్డు పొడుగునే ఉన్నాయి, బాబు సైకిల్ చక్రం సరిగ్గా దాన్లో పడింది. వాటిని అడ్డంగా తిప్పి పెట్టడానికి ఎంత పని?

పాత డ్రాయింగ్ బోర్డు

లేన్ మొదట్లో అడ్డుకట్ట స్తంభాలకి సుమారు మీటరున్నర సందు వదిలితే కారు దూరదు, సీటున్న సైకిలూ ట్రాలీ సైకిలూ పోతాయి. బైకులు ఆగవమ్మా, సైకిల్ పట్టే సందులో బైకూ పడుతుంది. వాటిని ఆపాలంటే మనిషి ఉండాలి, లేకపోతే జరిమానా ఉండాలి. జాలీ సంగతి మీరన్నది అక్షరాలా నిజం. అది డ్రాయింగులో కాదు, బిగించేవాడి చేతిలో తప్పు.

గాజు ఎందుకు చేరుతుందంటే, తిరిగే కార్ల చక్రాలే రోడ్డుని ఊడుస్తుంటాయి. ఊడ్చిందంతా అంచుకి తోస్తాయి. ఆ అంచునే మనం లేన్ అంటున్నాం. కాబట్టి ట్రాక్ కట్టే రోజే ఇరుకు యంత్రం కొనాలి, లేదా యంత్రం పట్టేంత వెడల్పు కట్టాలి. ఏదీ చేయకపోతే కట్టినట్టు కాదు.

తారురోడ్డు గారికి కూడా ఒక మాట. 2019లో మెల్‌బోర్న్‌లో ఒక అధ్యయనం వచ్చింది. 60 మంది సైకిళ్ళకి కొలిచే పరికరాలు బిగించి, 18,000కి పైగా ఓవర్‌టేకులు కొలిచారు. ఉత్త గీత ఉన్నచోట కార్లు సైకిల్‌కి ఇంకా దగ్గరగా పోతున్నాయని తేలింది. పక్కన కార్లు ఆగి ఉంటే మరీ దగ్గరగా. నేను నా లేన్‌లో ఉన్నాను, ఆయన ఆయన లేన్‌లో ఉన్నాడు అనుకుని డ్రైవరు పక్కకి తప్పుకోవడం మానేస్తాడు. మూడోగేరు గారికి జరుగుతున్నది అదే.

తారురోడ్డు

నేనూ తప్పుకోనండీ, నిజం చెప్పాలంటే. గీత లోపల ఉంటే చాలనుకున్నాను. తలుపు సంగతి ఎప్పుడూ ఆలోచించలేదు. అయినా పార్కింగ్ తీసేస్తే మాత్రం నేను ఒప్పుకోను.

డెలివరీ వ్యాన్

తీయక్కర్లేదు సార్, చోటు మార్చాలి. లేన్‌ని ఫుట్‌పాత్ పక్కకి జరిపి, ఆగే కార్లని దానికి ఇవతల పెడితే ఆ కార్లే గోడ. బండ్లలో ఎక్కువసార్లు డ్రైవరొక్కడే ఉంటాడు, అటువైపు తలుపు తెరిచేది తక్కువ. ఆ తక్కువకి కూడా మధ్యలో కొంచెం ఖాళీ వదిలితే చాలు. సందుకొకటి చొప్పున మాకు సరుకు దించే జాగా గీయండి, గీత మీద ఆపితే అప్పుడు ఫైను వెయ్యండి. కడతాను.

పాత డ్రాయింగ్ బోర్డు

తమ్ముడు నాకంటే బాగా గీశాడు. సందు మొగల దగ్గర మాత్రం కార్లు ఆపనీయకూడదు, లేకపోతే వాటి చాటునుంచి సైకిల్ ఒక్కసారిగా బయటపడుతుంది. బస్ స్టాప్ దగ్గర లేన్‌ని స్టాపు వెనక నుంచి తిప్పాలి.

మూడోగేరు గారూ, అర్జీలో "భద్రత కల్పించవలసిందిగా" అని రాయకండి. అలాంటివి మా బల్ల మీదికి వారానికి ముప్ఫై వచ్చేవి, ఫైల్లోకి పోయేవి. ఫలానా దీపస్తంభం నంబరు దగ్గర లేన్ ఇంత, తలుపు ఇంత, మిగిలింది ఇంత అని రాయండి. అంకె వస్తే ఎవడో ఒకడు వెళ్ళి కొలవాలి. కొలిచాక అబద్ధమని రాయలేడు. ఒక్క కూడలి మాత్రం ఎంచుకోండి, తొమ్మిదీ వద్దు. జాలీలు కూడా కలపండి, అది వాళ్ళు వెంటనే చేయగలిగిన పని. ఒక పని చేసిన ఫైలు మూతపడటం కష్టం.

మూడోగేరు

ఇవాళ తెల్లారి అయిదింటికి వెళ్ళాం. టేపు రెండో కొస మా ఆయన పట్టుకున్నారు. బస్సెక్కమన్న మనిషే నాలుగు స్తంభాల దాకా గొణుక్కుంటూ వచ్చి, అయిదో దాని దగ్గర లేన్ 104 సెంటీమీటర్లే తేలేసరికి "ఇదేం అన్యాయం" అని తనే నోట్ చేసుకోవడం మొదలెట్టారు. పొడుగు కమ్మీల జాలీలు పదమూడు, వాటి ఫొటోలు తీశాను. కూడలి ఒకటి ఎంచుకున్నాను, స్కూలు సందు కలిసే చోటు.

ఒక సందేహం. వెడల్పు కొలిచేటప్పుడు తెల్ల గీత లోపలి అంచు నుంచి తీయాలా, బయటి అంచు నుంచా? రెండింటికీ పన్నెండు సెంటీమీటర్ల తేడా వస్తోంది, ఆఫీసువాళ్ళు బయటి అంచే అంటారని మా ఆయన వాదన.

పాత డ్రాయింగ్ బోర్డు

లోపలి అంచు నుంచే. తడిసిన గీత మీద చక్రం జారుతుంది, దాన్ని తొక్కే జాగాలో కలపకూడదు. రెండు కొలతలూ రాసి, ఏది ఎక్కణ్ణుంచో పక్కనే బొమ్మ గీయండి. బొమ్మ నేను గీసిస్తాను, అంకెలు పంపండి.